షికాగోలో సోల్ ఫుడ్ ఎక్కడ తినాలి, ఎలా అడిగి తెప్పించుకోవాలి

షికాగోలో మంచి సోల్ ఫుడ్, అంటే నల్లజాతి అమెరికన్ల సంప్రదాయ వంట, తినదలచినవారు మొదట చేయవలసిన పని, పర్యాటకులు తిరిగే లూప్ ప్రాంతాన్ని వదిలి దక్షిణం వైపు బయలుదేరడం. వేయించిన కోడి, మాకరోనీ చీజ్ నగరం నడిబొడ్డున కూడా దొరుకుతాయి. అయితే ఈ వంటను తరతరాలుగా ఇళ్లలో వండుకుంటున్న జనం ఉండే పేటల్లోనే దాని రుచి, పరిమాణం, ధర మూడూ సరిగా కుదురుతాయి. సౌత్ సైడ్ అనగానే మనవాళ్లలో చాలామంది వెనకాడతారు. పట్టపగలు వెళ్లి, కారులో విలువైన వస్తువులేవీ కనబడేలా వదలకుండా, ఏ మహానగరంలోనైనా తీసుకునే జాగ్రత్తలే తీసుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

ఈ వంట ఇక్కడికి ఎలా చేరిందో తెలిస్తే ఎక్కడ ఏమి తినాలో తేల్చుకోవడం సులువవుతుంది. 1910ల నుంచి 1970 వరకు సుమారు 60 లక్షల మంది నల్లజాతి అమెరికన్లు జాతివివక్ష చట్టాలనూ, పత్తి చేలలో తీరని అప్పుల కౌలునూ విడిచి దక్షిణ రాష్ట్రాల నుంచి ఇతర ప్రాంతాలకు తరలిపోయారు. వారిలో మిసిసిపీ వారికి ఇల్లినాయ్ సెంట్రల్ రైలు నేరుగా షికాగోకు దారి చూపింది. అందువల్ల ఈ నగరపు సోల్ ఫుడ్‌లో మిసిసిపీ ఛాయ ఎక్కువ. మొక్కజొన్న పిండి అద్ది వేయించిన క్యాట్‌ఫిష్, పొగబెట్టిన పంది పక్కటెముకలు, ఆకుకూరలు, అలసందలు ఇక్కడ ముందు వరుసలో ఉంటాయి. లూసియానా వారి గంబో అనే చిక్కటి పులుసు కోసం వెతికే వారికి కొంత నిరాశ తప్పకపోవచ్చు.

దుకాణం ఏదైనా పళ్లెం లెక్క దాదాపు ఒకటే. ఒక మాంసం లేదా చేప, దానితో రెండు పక్క వంటకాలు, ఒక కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న పిండి రొట్టె) ముక్క వస్తాయి. కొత్తగా వెళ్లినవారి చూపంతా మాంసం మీదే ఉంటుంది గాని, వంటింటి పనితనం తెలిసేది పక్క వంటకాలలోనే. మన మెస్సులో పప్పు, చారు రుచి చూసి వంటవాడిని అంచనా వేసినట్టే ఇక్కడ కొలార్డ్ ఆకుకూర రుచి చూసి చెప్పవచ్చు. బాగా వండిన కొలార్డ్ ముదురు ఆకుపచ్చగా ఉండి, నోట్లో మెత్తగా నలుగుతూనే ముద్దగా మారకుండా నిలుస్తుంది. గిన్నె అడుగున ఉప్పు, పులుపు, పొగ వాసన కలిసిన రసం తేరుకుని ఉంటుంది. ఆ రసాన్ని పారబోయకూడదు. కార్న్‌బ్రెడ్‌ను తుంచి అందులో ముంచుకుని తినడం ఇక్కడి పద్ధతి. మేజా మీద ఉండే మిరపకాయల వెనిగర్‌ను కూర మీద నాలుగు చుక్కలు చల్లుకుంటే ఆవకాయకు అలవాటు పడిన నాలుకకు ప్రాణం లేచి వస్తుంది. ఆకుకూరతో పాటు రెండో పక్క వంటకంగా చక్కెర పాకంలో మగ్గిన చిలగడదుంపను ఎంచుకుంటే కారం, తీపి సరిపోతాయి. మాకరోనీ చీజ్ కూడా తెప్పించుకుంటే పళ్లెం బరువెక్కి సగం మిగిలిపోతుంది. బెండకాయ, అలసందలు కనిపిస్తే వదలవద్దు. ఆ రెండూ బానిసత్వపు కాలంలో ఆఫ్రికా నుంచి అమెరికా చేరిన పంటలే.

ఆహార నియమాలు ఉన్నవారు ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి: ఈ వంటలో మాంసం కంటికి కనబడని చోట కూడా ఉంటుంది. ఆకుకూరలను, అలసందలను సంప్రదాయంగా పొగబెట్టిన పంది కాలి ముక్క వేసి ఉడికిస్తారు. ఇటీవల చాలా చోట్ల దాని బదులు పొగబెట్టిన టర్కీ కోడి మాంసం వాడుతున్నారు. పైన ముక్క తేలనంత మాత్రాన అది శాకాహారం కాదు. కార్న్‌బ్రెడ్‌లోనూ, 'పై' (pie) అనే తీపి వంటకపు అడుగు పొరలోనూ పంది కొవ్వు ఉండే అవకాశం ఉంది. అందుచేత "ఇది శాకాహారమా?" అని కాకుండా "ఈ ఆకుకూరలో పంది మాంసం వేశారా, టర్కీ వేశారా?" అని అడగడం మంచిది. అలా అడిగితే జవాబు సూటిగా వస్తుంది. అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే ఆ ప్రశ్న అక్కడి ముస్లింలు, రక్తపోటు ఉన్న పెద్దలు రోజూ అడిగేదే.

ఒకే పూట తిరిగి చూడాలనుకునేవారికి నేను ముందుగా చెప్పేది 75వ వీధి. రెడ్ లైన్ రైలులో 69వ లేదా 79వ వీధి స్టేషన్‌లో దిగి అక్కడి నుంచి ఏదైనా బండి మాట్లాడుకోవచ్చు. సొంత కారు ఉంటే ఇంకా సుఖం. కాలినడకన తిరగగల దూరంలోనే మూడు వేరువేరు రకాల చోట్లు ఉన్నాయి. వాటిలో మొదటిది లెమ్స్ బార్‌బెక్యూ. మిసిసిపీలోని ఇండియనోలా నుంచి వచ్చిన లెమన్స్ సోదరులు 1954లో మొదలుపెట్టిన ఈ దుకాణానికి 2025లో అమెరికా వంటరంగంలో పేరున్న జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వారి 'అమెరికాస్ క్లాసిక్స్' గౌరవం దక్కింది. ఇక్కడ కూర్చుని తినే ఏర్పాటు లేదు, కొనుక్కుని తీసుకువెళ్లవలసిందే. లోపల చూడదగినది అద్దాల గోడలున్న పొగపెట్టె. దాన్ని ఊరంతా 'ఆక్వేరియం' అని పిలుస్తారు. అడుగున కట్టెల మంట, పైన కమ్ముల మీద మాంసం ఉంటాయి. కొవ్వు కారి మంట ఎగసినప్పుడల్లా వంటమనిషి నీళ్లు చిమ్మి దాన్ని అణచి, ముక్కలను వేడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి జరుపుతూ ఉంటాడు. ఉష్ణోగ్రత చూపే మీట ఏదీ ఉండదు, పనంతా కంటి అంచనా మీదే నడుస్తుంది.

అక్కడ తెప్పించుకోవలసినది రిబ్ టిప్స్. పక్కటెముకలను తీరుగా కోసినప్పుడు కింది అంచున మిగిలే, మెత్తటి ఎముక, కొవ్వు, మాంసం కలగలిసిన పట్టీ ఇది. ఒకప్పుడు కబేళాల నగరమైన షికాగోలో దీనికి పెద్దగా విలువ లేకపోయేది. దాన్ని నిదానంగా పొగలో కాల్చి, కత్తితో ముక్కలుగా నరికి అమ్మిన ఘనత సౌత్ సైడ్ వారిది. అట్టపెట్టెలో అడుగున ఆలుగడ్డ ఫ్రైస్, వాటి మీద టిప్స్, ఆ పైన సాస్, అన్నిటి మీద తెల్ల బ్రెడ్ ముక్కలు పేర్చి ఇస్తారు. సాస్‌ను విడిగా ఇమ్మని తప్పక అడగాలి. లేకపోతే ఇల్లు చేరేసరికి ఫ్రైస్ నానిపోతాయి. ఎముక కొరికి తినే ఓపిక లేనివారికి ఈ వంటకం నచ్చదు, వారు ఊరికే మొహమాటపడి కొనవలసిన అవసరం లేదు.

అదే వీధిలో శాకాహారుల కోసం 1980ల తొలినాళ్ల నుంచి నడుస్తున్న ఒరిజినల్ సోల్ వెజిటేరియన్ ఉంది. ఇటీవల దాన్ని సోల్ వెజ్ సిటీ అని కూడా అంటున్నారు. ఆఫ్రికన్ హీబ్రూ ఇజ్రాయెలైట్ అనే నల్లజాతి మత సమాజానికి చెందినవారు స్థాపించిన ఈ చోట పాలు, గుడ్లు సహా జంతు సంబంధమైనదేదీ వాడరు. గోధుమ మాంసకృత్తుతో చేసి బార్‌బెక్యూ సాస్ పట్టించిన శాండ్‌విచ్, పిండిలో ముంచి వేయించిన కాలీఫ్లవర్ ఇక్కడ పేరున్నవి. మరో నాలుగడుగులు వేస్తే బ్రౌన్ షుగర్ బేకరీ వస్తుంది. అక్కడి కారమెల్ కేక్ కోసం నగరం అవతలి నుంచి కూడా జనం వస్తారు. చక్కెరను, వెన్నను చిన్న మంట మీద ఎర్రగా కాచి కేకు మీద పోస్తే అది పలుచని పొరగా బిగుస్తుంది. వేలితో తాకితే కాస్త కరకరమంటుంది. ఒక్క ముక్క ఇద్దరికి చాలు. గుడ్డు తిననివారికి మాత్రం పనికిరాదు.

వేయించిన కోడి విషయానికి వస్తే హెరాల్డ్స్ చికెన్ షాక్ గురించి చెప్పకుండా ఉండలేము. 1950లో హెరాల్డ్ పియర్స్ ప్రారంభించిన ఈ దుకాణం ఇప్పుడు నగరమంతా శాఖలుగా విస్తరించింది. గొడ్డలి పట్టుకుని కోడి వెంట పరుగెత్తే వంటవాడి బొమ్మే దీని గుర్తు. సంప్రదాయంగా ఇక్కడ కోడిని గొడ్డు కొవ్వు, వంట నూనె కలిపిన మిశ్రమంలో వేయిస్తారు; ఆ ప్రత్యేకమైన రుచికి కారణం అదే. గొడ్డు మాంసం తిననివారు తమ శాఖలో ఏ నూనె వాడుతున్నారో ముందే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే శాఖలు వేరువేరు యజమానుల చేతుల్లో ఉండి ఒక్కో చోట ఒక్కో తీరుగా నడుస్తాయి. కోడిని మీరు అడిగిన తరువాతే నూనెలో వేస్తారు గనుక పది పదిహేను నిమిషాలు ఆగవలసి వస్తుంది. ఆగనివ్వకుండా వెంటనే చేతిలో పెట్టే శాఖను నేను అనుమానిస్తాను. 'మైల్డ్ సాస్' అనే తియ్యటి, పుల్లటి ఎర్రటి ద్రవం షికాగో సొత్తు. అడిగితే ముక్కల మీద పోసేస్తారు, కరకర కావాలంటే దీన్ని కూడా విడిగానే తీసుకోవాలి.

కుటుంబంతో కూర్చుని తినాలంటే బ్రాంజ్‌విల్‌లో 39వ వీధి, మిషిగన్ అవెన్యూ కూడలి దగ్గరున్న పెర్ల్స్ ప్లేస్ అనువైనది. గ్రీన్ లైన్ ఇండియానా స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. అక్కడి బఫేలో అన్నీ కొద్దికొద్దిగా రుచి చూసే వీలుంది కాబట్టి ఈ వంటతో తొలి పరిచయం అక్కడ జరిగితే బాగుంటుంది. గ్రీన్ లైన్ చివరనున్న 63వ వీధి, కాటేజ్ గ్రోవ్ దగ్గర డేలీస్ రెస్టారెంట్ 1892 నుంచి ఉంది. ఐరిష్ వలసదారు పెట్టిన ఈ హోటలు చుట్టూ జనం మారిన కొద్దీ సాల్మన్ క్రోకెట్లు (చేప వడలు), బిస్కట్లు (మెత్తటి చిన్న రొట్టెలు), గ్రిట్స్ (మొక్కజొన్న రవ్వ జావ) వడ్డించడం నేర్చుకుంది. ఉదయపు ఫలహారానికి అక్కడికే వెళ్లమంటాను.

కాస్త ఖర్చుపెట్టి, తీరుగా వడ్డించిన భోజనం కావాలనుకునేవారు హైడ్ పార్క్‌లో 53వ వీధిలో ఉన్న వర్చూకు వెళ్లాలి. ఎరిక్ విలియమ్స్ 2018లో తెరిచిన ఈ రెస్టారెంట్‌కు, ఆయనకు 2022లో గ్రేట్ లేక్స్ ప్రాంతపు ఉత్తమ షెఫ్‌గా జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చాక, ముందుగా బల్ల కేటాయించుకోకుండా వెళ్లడం వృథా ప్రయాస. కందనకాయలు, మసాలా అన్నం ఉన్నాయంటే మొదట అవే తెప్పించుకోండి. కోడి కందనకాయల వేపుడు తిని పెరిగిన ఏ తెలుగువాడికైనా అమెరికన్ భోజనపు బల్ల మీద అంత దగ్గరి రుచి మరొకటి దొరకదు. షికాగో విశ్వవిద్యాలయంలో చదువుకునే మన విద్యార్థులకు ఇది పక్కవీధి వ్యవహారమే.

నేపర్‌విల్, అరోరా వైపు ఉండే తెలుగు కుటుంబాలు సౌత్ సైడ్ దాకా వెళ్లలేకపోతే, ఐసన్‌హవర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద నగరంలోకి వచ్చే దారిలో వెస్ట్ సైడ్ మాడిసన్ వీధిలోని మెకార్థర్స్ ఉంది. వరుసలో నిలబడి, గాజు వెనుక ఉన్న వంటకాలను చూపిస్తూ పళ్లెం నింపించుకునే పద్ధతి. పేర్లు తెలియకపోయినా వేలితో చూపితే సరిపోతుంది. వరుస వేగంగా కదులుతుంది కాబట్టి మీ వంతు రాకముందే మాంసం, రెండు పక్క వంటకాలు మనసులో తేల్చుకోవాలి.

ఆదివారం చర్చి ముగిసిన తరువాత, అంటే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు, ఈ చోట్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. పట్టు వస్త్రాలు, పెద్ద టోపీలు ధరించిన కుటుంబాలను చూడాలన్న కోరిక ఉంటే ఆ వేళకే వెళ్లవచ్చు. నిదానంగా తినాలనుకుంటే గురు, శుక్రవారాల మధ్యాహ్నం మేలు. వారం మొదట్లో కొన్ని దుకాణాలు మూసి ఉంటాయి, పనివేళలు కూడా తరచూ మారుతుంటాయి గనుక బయలుదేరే రోజు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ రోజు ఏ కూర వండారో అదే ఫోన్‌లో అడగండి. కొన్ని పళ్లేలు వారంలో ఫలానా రోజుకే పరిమితం. పార్సిల్ తీసుకుంటే కారెక్కగానే పెట్టె మూతను కొద్దిగా తెరిచి ఉంచాలి, లేకపోతే ఆవిరికి కోడి పైపొర మెత్తబడుతుంది.