తైలవర్ణ చిత్రలేఖనం – ఐదవ పాఠం: నీడకు రంగు

గత పాఠంలో టర్పెంటైన్‌తో పలుచన చేసిన తొలి పొర వేయడం నేర్చుకున్నాము. ఈసారి ఆ పొర మీద నీడలు దిద్దుదాము. ఇందుకు మెయిజీ కాలపు (1868–1912) జపాను చిత్రకారుల పనిని చూడమంటాను. రేఖకు ప్రాధాన్యమిచ్చే సంప్రదాయంలో పెరిగిన వారు, వెలుగునీడలతోనే ఆకారాన్ని నిలబెట్టే పద్ధతిని ఎంతో పట్టుదలతో సాధించారు.

ముందుగా తకహాషి యుఇచి సుమారు 1877లో కాగితంపై తైలవర్ణాలతో వేసిన ‘సాల్మన్’ చూడండి. తాడుకు వేలాడుతున్న ఉప్పు చేప అది. ఒక పక్క కోసి తీసిన చోట ఎర్రని కండ కనిపిస్తుంది. కండ తడి, చర్మం ఎండు అని చూడగానే తెలిసిపోతుంది. అంచుల వద్ద గీత గీయకుండా, రంగును క్రమంగా ముదురు చేస్తూ పోవడం వల్లే చేపకు ఆ బరువు వచ్చింది.

1876లో టోక్యోలో ప్రభుత్వ చిత్రకళా పాఠశాల ప్రారంభమైనప్పుడు ఇటలీ నుంచి వచ్చిన చిత్రకారుడు ఫోంటనేసి అక్కడ బోధించారు. ఆయన శిష్యుడు అసాయి చూ 1890లో వేసిన ‘పంటకోత’లో నీడలన్నీ గోధుమ వన్నెవే. న్యాయశాస్త్రం చదవడానికి 1884లో ఫ్రాన్సుకు వెళ్లిన కురోదా సేయికి మాత్రం అక్కడ రఫాయెల్ కొలాఁ వద్ద చిత్రకళ నేర్చి, 1893లో తిరిగివచ్చి, ఆరుబయటి నీడలకు నీలం, ఊదా రంగులు వాడారు. 1897 నాటి ఆయన ‘సరస్సు ఒడ్డున’ చిత్రంలో ఆ చల్లని కాంతి నిండి ఉంది. కురోదా రాకతో పాతవారు వెనుకబడ్డారనే మాటను నేను ఒప్పుకోను. ఎండు గడ్డి, మట్టి నిండిన కళ్లంలో అసాయి గోధుమ వన్నెలు ఎంతో సహజంగా ఒదిగాయి.

నీడ ఒకచోట నీలంగా, మరోచోట గోధుమ వన్నెలో కనిపించడానికి కారణం కాంతిలోనే ఉంది. ఆరుబయట ఎండ అడ్డుపడిన చోట కూడా ఆకాశపు వెలుగు పడుతూనే ఉంటుంది కనుక తెల్లని వస్తువు నీడ నీలంగా కనిపిస్తుంది; గదిలోనైతే గోడలు, నేల, కర్ర సామాను తిప్పికొట్టే వెలుగు నీడను వెచ్చగా, అంటే గోధుమ వన్నె వైపు, మారుస్తుంది.

ఇక అభ్యాసం. తెల్లని పింగాణీ గిన్నెను తెల్లగుడ్డ మీద ఉంచి, ఉదయం ఎండలో ఒకసారి, గదిలో కిటికీ పక్కన మరొకసారి చిత్రించండి. గదిలోని నీడకు బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో కొద్దిగా అల్ట్రామెరీన్ నీలం కలపండి. ఎండలోని నీడకు గోధుమ రంగును పూర్తిగా పక్కన పెట్టి, అల్ట్రామెరీన్, తెలుపు, చిటికెడు అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు వాడండి. నలుపు ట్యూబు మూత తీయవద్దు. ఎండ కదిలితే నీడ ఆకారమూ మారిపోతుంది. అందుకే దాని అంచును మొదటే గుర్తించుకుని, లోపలి రంగును ఆ తర్వాత నింపండి.