అమాల్ఫీ పెద్ద చర్చి: మెట్ల మీద ఫొటో దిగి వచ్చేయకండి

ఇటలీలోని అమాల్ఫీ చూసొచ్చిన ఎవరి ఫోన్ తెరిచినా ఒకటే ఫొటో. నలుపు తెలుపు చారల గోడ, దాని ముందు నిటారుగా మెట్లు, ఆ మెట్ల మీద వీళ్లు. మొదటిసారి నేనూ అంతే, ఫొటో దిగి, ఐస్‌క్రీమ్ తినేసి బస్సెక్కాను. రూమ్‌కొచ్చి తీరిగ్గా చదివితే తెలిసింది, నేను తీసుకున్న ఆ ముందు గోడే చర్చి మొత్తంలో కొత్తదని. పాతది 1861లో కూలిపోతే తిరిగి కట్టి 1891కి పూర్తి చేశారు. వెయ్యేళ్ల సరుకంతా లోపలుంది, నేను లోపలికే వెళ్లలేదు! అందుకే రెండోసారి వెళ్లాను, ఈసారి పద్ధతిగా. మీకు ఆ రెండో ఖర్చు తప్పాలని ఇది రాస్తున్నా.

ముందు దారి. అమాల్ఫీకి రైలు లేదు. నేపుల్స్ నుంచి సలెర్నో దాకా రైల్లో వచ్చి, స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే రేవు వస్తుంది, అక్కడ ఫెర్రీ ఎక్కితే అరగంట పైచిలుకులో దిగిపోతారు. ఫెర్రీలు సుమారుగా ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకే, పైగా సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఆ రోజుకి రద్దు. అప్పుడిక బస్సే గతి. టికెట్ ముందే కొనుక్కోవాలి, నీలం బోర్డు మీద తెల్లటి 'టీ' అక్షరం ఉన్న పొగాకు కొట్లో ఇస్తారు. ఎక్కగానే మెషీన్లో పెట్టి ముద్ర వేయించుకోండి, టికెట్ చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా కట్టాలి. సలెర్నో నుంచి వెళ్తుంటే ఎడమవైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది, సొరెంటో నుంచి అయితే కుడివైపు. వాంతులయ్యే వాళ్లు మాత్రం సీనరీ మాట మర్చిపోయి ముందు సీటు చూసుకోండి, ఆ మలుపులు మామూలు మలుపులు కావు.

బట్టల సంగతి: భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. మన గుళ్లకి వెళ్లే అలవాటున్న వాళ్లకి ఇది కొత్తేం కాదు గానీ, బీచ్ ఊరు కదా అని షార్ట్స్‌లో బయల్దేరి గుమ్మం దగ్గర ఆగిపోయే వాళ్లని నేనే చూశాను. బ్యాగులో ఒక చున్నీ పడేసుకోండి, ఎండకి కూడా పనికొస్తుంది.

వేళలు సీజన్‌ని బట్టి మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు చర్చి సొంత వెబ్‌సైట్లో చూసుకోండి. పూజ జరుగుతున్నప్పుడు పెద్ద చర్చిలోకి ప్రార్థనకి వచ్చిన వాళ్లనే రానిస్తారు, చూడ్డానికి వచ్చిన వాళ్లని కాదు. ఆదివారం పొద్దున పెట్టుకోకపోవడం మంచిది. పొద్దున్నే తలుపులు తీసే వేళకి వెళ్లగలిగితే అంతకంటే కావాల్సింది లేదు, పదకొండు దాటాక ఫెర్రీల జనమంతా ఒక్కసారి దిగుతారు.

మెట్లు 62. ఎక్కేముందు కింద చౌకులో ఉన్న ఫౌంటెన్ చూడండి, పైన నిలబడి ఉన్నాయన సెయింట్ ఆండ్రూ, వెనక ఇంటూ గుర్తులా ఉన్నది ఆయన్ని చంపారని చెప్పుకునే సిలువ. మన తెలుగు బైబిల్లో అంద్రెయ అంటారే, పేతురు తమ్ముడో అన్నో గానీ తోబుట్టువు, గలిలయ చెరువులో వల వేసుకునే జాలరి, ఆయనే. సముద్రం మీద బతికే ఊరికి జాలరి కాక ఇంకెవరు కాపలా ఉంటారు!

పైకెక్కాక ఆయాసం తీర్చుకునే నెపంతో మధ్య తలుపు దగ్గర ఆగండి. ఈ కంచు తలుపులు 1066కి ముందే కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లో, పోత పోయించి ఓడలో తెప్పించినవి, పంతలియోనె అనే అమాల్ఫీ వర్తకుడు డబ్బు పెట్టాడు. పలకల మీద ఎక్కువగా సిలువలే ఉంటాయి. మధ్యలో నాలుగు పలకల్లో మాత్రం క్రీస్తు, మరియమ్మ, అంద్రెయ, పేతురు. ఉబ్బెత్తు బొమ్మలు కావు, కంచులో గీతలు చెక్కి అందులో వెండి పొదిగారు. ఎదురుగా నిలబడితే నల్లటి పలకే కనిపిస్తుంది. కాస్త పక్కకి జరిగి వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి, ముఖాలు తేలతాయి. అమాల్ఫీ ఒకప్పుడు సొంత ఓడలతో తూర్పు దేశాలతో వ్యాపారం చేసిన రాజ్యం అని పుస్తకంలో చదివితే ఎక్కని సంగతి, ఈ తలుపు ముందు ఎక్కుతుంది.

టికెట్ దారి ఎడమ పక్కన, కొన్ని యూరోలే. నేను మొదటిసారి దాటి వచ్చేసిన గుమ్మం ఇదే. లోపలికి అడుగు పెట్టగానే క్లాయిస్టర్, 'స్వర్గపు లోగిలి' అని పేరు. మన మండువా ఇల్లు గుర్తు తెచ్చుకోండి, నడుమ ఆకాశం, చుట్టూ వరండా. కాకపోతే ఇక్కడ జంట జంటలుగా సన్నటి తెల్ల స్తంభాలు, వాటిమీద ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోయే కోసుగా ఉన్న ఆర్చీలు, అచ్చం అరబ్బుల పనిలా ఉంటుంది. 1266-68 మధ్య ఊరి పెద్ద కుటుంబాల వాళ్లని పాతిపెట్టడానికి కట్టిన శ్మశానం అని తెలిశాక కూడా అక్కడినుంచి లేవబుద్ధి కాదు. వరండాలో ఉన్న రోమన్ కాలపు రాతి శవపేటికల మీద చెక్కినవి ఎక్కువగా గ్రీకు పురాణాలే, ఒకదానిమీద ప్రొసెర్పిన అనే దేవతని పాతాళ దేవుడు ఎత్తుకుపోతుంటాడు. క్రైస్తవ శ్మశానంలో ఆ బొమ్మలకి ఎవరికీ అభ్యంతరం లేకపోవడం నాకు భలే నచ్చింది. ఇక్కడ ఇరవై నిమిషాలన్నా కూర్చోండి.

తర్వాత వచ్చేది 9వ శతాబ్దపు పాత చర్చి, ఇప్పుడు మ్యూజియం. తొందరుంటే వేల చిన్న ముత్యాలు కుట్టిన బిషప్పు కిరీటం ఒక్కటి చూసి కదలొచ్చు.

అక్కడినుంచి మెట్లు దిగితే నేలమాళిగ. నాలుగో క్రూసేడుకి (మతయుద్ధానికి) బయల్దేరిన క్రైస్తవ సైన్యాలు కాన్‌స్టాంటినోపుల్‌ని దోచుకున్న రోజుల్లో కార్డినల్ పియెత్రో కపువానో అంద్రెయ అవశేషాలని తీసుకొచ్చాడు, 1208లో ఇక్కడ ఉంచారు. పీఠం మీది కంచు విగ్రహం స్పెయిన్ రాజు మూడో ఫిలిప్ ఇచ్చింది. సమాధి దగ్గర ఊరే ద్రవాన్ని ఇక్కడివాళ్లు 'మన్నా' అంటారు, పండగల ముందు రోజు దానికోసం ఎదురుచూస్తారు. నమ్మినా నమ్మకపోయినా ఫోన్ జేబులో పెట్టుకోండి, పక్కన మోకాళ్ల మీద ఉన్నావిడ మీ ఫొటో కోసం రాలేదు.

చివర్లో పైకొస్తే పెద్ద చర్చి. బంగారు పూత కప్పు, పాలరాయి, బరోక్ ఆర్భాటం. బాగుంటుంది, కానీ ఇటలీలో ఇలాంటివి ఇంకా చూస్తారు. పది నిమిషాలు చాలు.

తేదీ మీ చేతిలో ఉంటే జూన్ 27 గానీ, అంద్రెయ పండగ నవంబర్ 30 గానీ పెట్టుకోండి. 1544 జూన్ 27న ఒట్టోమన్ తుర్కుల నౌకాదళపతి బార్బరోస్సా ఓడలు ఊరి మీదికి వస్తే తుఫాను లేచి తరిమిందని, అది అంద్రెయ పుణ్యమేనని ఇక్కడి నమ్మకం. ఊరేగింపు అయ్యాక బరువైన విగ్రహాన్ని భుజాల మీద పెట్టుకుని ఆ 62 మెట్లూ పరుగున ఎక్కేస్తారు. ఆ రోజు రూమ్ దొరకడం కష్టం, సలెర్నోలో ఉండి రండి, తిరుగు ఫెర్రీ (నవంబర్‌లో అయితే బస్సు) ఆఖరిది ఎన్నింటికో మాత్రం దిగిన వెంటనే కనుక్కోండి.