ఆపరేషన్ థియేటర్ (ఓటీ) నుంచి రికవరీ గదికి: రోగిని అప్పగించేటప్పుడు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు ఆసుపత్రుల్లో సర్జన్ తెలుగువారు, రికవరీ నర్సు ఒడియావారు, రోగి కువి అనే గిరిజన భాష మాట్లాడే మనిషి కావడం వింతేమీ కాదు. కాబట్టి అప్పగింతలో ఏ మాట ముందు, ఏ మాట తర్వాత అన్నది అందరికీ ముందే తెలిసి ఉండాలి.

స్ట్రెచర్ ఆగగానే మాటలు మొదలుపెట్టకూడదు. ముందు ఆక్సిజన్ పెట్టి, పల్స్ ఆక్సిమీటరు, ఈసీజీ, బీపీ కఫ్ తగిలించి, ఛాతీ కదలికను కళ్లారా చూసి, మొదటి రీడింగులు వచ్చాకే మత్తు డాక్టరు నోరు విప్పాలి. వైర్లు సర్దుతున్న నర్సుకు చెప్పిన సంగతిలో సగం గాలికి పోతుంది. ఒకరు చెబుతుంటే మిగిలినవారు చేతిలో పని ఆపి వినాలి.

రోగి పేరును చేతి ట్యాగుతో సరిచూశాక, చేసిన ఆపరేషన్, పాత జబ్బులు, అలర్జీలు, మత్తు రకం, పోయిన రక్తం, ఎక్కించిన ఫ్లూయిడ్లు, డ్రెయిన్లు (గాయం నుంచి రక్తం, ద్రవం బయటికి తీసే గొట్టాలు) ఎన్ని, ఎక్కడ అన్నవి వరుసగా చెప్పాలి. మందుల పేర్లు చెబితే చాలదు, టైము కూడా చెప్పాలి. ఓటీలో పారాసెటమాల్ ఎప్పుడు ఎక్కించారో తెలియకపోతే వార్డులో గంటకే మరో డోసు పడవచ్చు. కాన్యులాను (సిరలో పెట్టిన సన్నని గొట్టాన్ని) ఫ్లష్ చేశారా, అంటే సెలైన్‌తో కడిగారా అని నర్సు తప్పక అడగాలి, ఎందుకంటే అందులో మిగిలిన కండరాలు సడలించే మందు తర్వాతి సెలైన్‌తో లోపలికి వెళ్లి, అప్పటిదాకా బాగున్న రోగికి ఊపిరి ఆడకుండా చేయగలదు. స్పైనల్‌లో (వెన్నులో ఇచ్చే మత్తులో) మార్ఫిన్ ఇచ్చి ఉంటే, శ్వాస మందగించే ప్రమాదం 24 గంటల వరకు ఉంటుందని చెప్పడంతో పాటు కేసు షీటులో రాయాలి.

స్థితి, పూర్వాపరాలు, అంచనా, సూచన అనే వరుసలో సంగతి చెప్పే ఎస్‌బార్ పద్ధతికి అమెరికా నౌకాదళ జలాంతర్గాములు పుట్టిల్లు. మొదటి మూడూ ఎవరైనా చెబుతారు, తేలిగ్గా జారిపోయేది నాలుగోదే. బీపీ ఎంతకు తగ్గితే, డ్రెయిన్‌లో ఎంత రక్తం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో అంకెలతో చెప్పాలి. "జాగ్రత్తగా చూసుకోండి" అన్నది సూచన కాదు. ఈ ప్రాంతంలో సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) రోగులు తారసపడుతుంటారు గనుక, అలాంటివారికి చలి, నీటి లోటు, ఆక్సిజన్ తగ్గుదల మూడూ ముప్పేనని విడిగా గుర్తుచేయాలి.

రోగి భాషను కూడా అప్పగింతలోనే చెప్పాలి. రోగి మత్తు నుంచి ఎంత తేరుకున్నదీ కొలవడానికి 1970లో వచ్చిన ఆల్డ్రెట్ స్కోరులో అయిదు అంశాలుంటాయి, మొత్తం 10 మార్కులు. సాధారణంగా కనీసం 9 వస్తేనే రికవరీ నుంచి పంపుతారు. అందులో స్పృహ ఒకటి. కువి తప్ప మరేదీ రాని పెద్దావిడ ఒడియాలో పిలిస్తే పలకకపోవడాన్ని మత్తు దిగకపోవడంగా రాసుకునే వీలుంది. ఇంకా చిక్కేమిటంటే, నిజంగానే మగతగా ఉన్న మనిషిని భాష రాక పలకడం లేదులే అని వదిలేయవచ్చు. ఆమె మాట తెలిసిన ఆయానో బంధువునో పిలవాలి.

చివరగా, విన్న ముఖ్యాంశాలను నర్సు తన మాటల్లో తిరిగి చెప్పి, సందేహాలు అడిగి, ఇద్దరూ టైము వేసి సంతకాలు చేశాకే మత్తు డాక్టరు మంచం దగ్గర నుంచి కదలాలి.