ఎక్స్‌ప్లేన్‌లో ఆర్థో సీనరీ పెట్టాక ఎయిర్‌పోర్ట్ మాయం కాకుండా ఎలా చూసుకోవాలి?

ఎక్స్‌ప్లేన్ అనే ఫ్లైట్ సిమ్యులేటర్‌లో శాటిలైట్ ఫొటోలతో నేలను పరిచే ఆర్థో సీనరీ పెట్టగానే శంషాబాద్ టెర్మినల్ కనబడదు. విడిగా పెట్టుకున్న ఎయిర్‌పోర్ట్ యాడ్ఆన్ పాడైందనుకుని మళ్ళీ గంటల తరబడి డౌన్‌లోడ్ చేస్తారు. యాడ్ఆన్‌కి ఏమీ కాలేదు, వరుస తప్పింది.

కావలసినవి: ఖాళీ ఉన్న ఎస్ఎస్‌డీ, నోట్‌ప్యాడ్. అంతే. సిమ్యులేటర్ మాత్రం ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉండకూడదు.

1. ఆర్థో సీనరీ తయారుచేసే ఆర్థోఫోర్‌ఎక్స్‌పీ అనే టూల్‌లో టైల్, అంటే ఒక డిగ్రీ మేర నేల ముక్క, తయారుచేయండి. శంషాబాద్‌కి అక్షాంశం 17, రేఖాంశం 78. ఫొటో ఎంత వివరంగా ఉండాలో చెప్పే జూమ్ లెవెల్ 17 దాటొద్దు. ఒక లెవెల్ పెంచితే ఫొటోల బరువు నాలుగింతలవుతుంది. 35 వేల అడుగుల నుంచి డాబాల మీద ఆరేసిన బట్టలు చూడాలా? ఓవర్లేలు, అంటే నేల మీద పరిచే పొరలు, కూడా తీసుకోండి, లేకపోతే రోడ్లు, ఇళ్ళు, చెట్లు ఉండవు.

2. ఎయిర్‌పోర్ట్ జిప్‌ని సిమ్ ఫోల్డర్‌లోని కస్టమ్ సీనరీ ఫోల్డర్‌లో విప్పండి. ఆ ఫోల్డర్ తెరవగానే ‘ఎర్త్ నావ్ డేటా’ కనిపించాలి. లోపల మళ్ళీ ఎయిర్‌పోర్ట్ పేరుతోనే ఇంకో ఫోల్డర్ ఉంటే దాన్ని బయటికి తీయండి.

3. అందరూ తప్పేది ఇక్కడే. కస్టమ్ సీనరీలో ‘సీనరీ ప్యాక్స్’ అనే ఐఎన్ఐ ఫైల్ ఉంటుంది. సిమ్ దాన్ని పైనుంచి కిందికి చదువుతుంది. ఒక టైల్‌కి నేల, అంటే బేస్ మెష్, దొరికిందంటే ఆ టైల్‌కి సంబంధించి దాని కింద ఉన్నవేవీ లోడ్ చేయదు. ఆర్థో కూడా బేస్ మెషే. పైగా కొత్తగా వచ్చిన ఫోల్డర్‌ని సిమ్ లిస్టులో అన్నిటికంటే పైన రాస్తుంది. ఇక ఎయిర్‌పోర్ట్ ఎలా కనిపిస్తుంది?

కాబట్టి యాడ్ఆన్ పెట్టాక సిమ్‌ని ఒకసారి మెయిన్ మెనూ దాకా తెరిచి, పూర్తిగా మూసేయండి. అప్పుడే కొత్త పేరు లిస్టులోకి ఎక్కుతుంది. ఫైల్‌కి కాపీ తీసుకుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. విడిగా పెట్టుకున్న ఎయిర్‌పోర్ట్‌లు పైన, వాటి కింద సిమ్‌తో పాటు వచ్చే గ్లోబల్ ఎయిర్‌పోర్ట్స్ లైను, తర్వాత ఓవర్లేలు, అట్టడుగున ఆర్థో. ఎయిర్‌పోర్ట్‌తో పాటు సొంత మెష్ వస్తే అది ఆర్థోకి పైన ఉండాలి. లైను మొత్తం కట్ చేసి పేస్ట్ చేయండి, అందులో ఒక్క అక్షరం కూడా మార్చొద్దు.

‘ఆ ఫైల్ డిలీట్ చేసెయ్, అదే సర్దుకుంటుంది’ అనేవాళ్ళ మాట వినకండి. అక్షరక్రమంలో కొత్త లిస్టు వస్తుంది, నిజమే. ఆర్థో ఫోల్డర్ పేరు ముందు జెడ్ ఉండేది కూడా అందుకే. కానీ మీరు డిజేబుల్ చేసినవన్నీ మళ్ళీ ఆన్ అయి కూర్చుంటాయి. వరుస సర్దిపెట్టే టూల్స్ జోలికీ వెళ్ళొద్దు. ఏది ఎందుకు కదిపిందో తెలియక టెన్షన్ పడేకంటే చేత్తో చేసుకోవడమే సుఖం.

4. శంషాబాద్‌లో విమానం పెట్టి చూడండి. సీనరీ సరిగా కనబడకపోవచ్చని మెసేజ్ వస్తే, సిమ్ ఫోల్డర్‌లోని లాగ్ ఫైల్‌లో ‘ఫెయిల్డ్ టు ఫైండ్ రిసోర్స్’ అన్న లైను వెతకండి. పక్కన ఉండే ఫైల్ పాత్‌లో మొదటి పేరే చాలాసార్లు మీ దగ్గర లేని లైబ్రరీ (సీనరీలు వాడుకునే వస్తువుల ప్యాక్) ఏదో చెబుతుంది, ఉదాహరణకు ఓపెన్‌సీనరీఎక్స్. అది పెట్టుకోండి. లైబ్రరీ లిస్టులో పైనే ఉండిపోయినా నష్టం లేదు, కదపనక్కర్లేదు.