ఇంట్లో కారు పని, 6వ పాఠం: బ్రేక్ ఆయిల్ (దానికి ముందు పోయిన పాఠం పంచాయితీ)

పోయిన పాఠంలో ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చాం. ఈసారి వెనక డ్రమ్ములు విప్పుదామనుకున్నాను. కానీ మీ ప్రశ్నలు చూశాక డ్రమ్ములను వచ్చే పాఠానికి జరిపేశాను. గొడవల్లో ఎక్కువ భాగం బానెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా దగ్గరే మొదలవుతున్నాయి. అందుకని ఈ పాఠం బ్రేక్ ఆయిల్ గురించి.

ముందు చిన్నవి తేల్చేద్దాం.

కాజీపేట నుంచి ఒకాయన అడిగారు: "ప్యాడ్లు ఏసినంక మొదటిసారి తొక్కితే పెడల్ నేలకు ఆనింది అన్నా, పానం పోయినంత పనైంది." ప్యాడ్‌ను డిస్కుకు అదిమే పిస్టన్‌ను మనమే లోపలికి నెట్టాం కదా. అది మళ్ళీ బయటికి వచ్చి ప్యాడ్‌ను తాకేదాకా పెడల్‌కు పట్టు దొరకదు. కారు కదలకముందే, నిలబెట్టిన చోటే, పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూ ఉండాలి. గేటు దాటాక కాదు.

హన్మకొండ నుంచి ఇంకొకరిది: ఇంజిన్ ఆపి తొక్కితే పెడల్ గట్టిగా ఉంటోంది, స్టార్ట్ చేయగానే కాలి కింద కాస్త దిగుతోంది. దిగాలి. వాక్యూమ్ బూస్టర్ (మన కాలి బలానికి సాయం చేసేది) పని మొదలుపెట్టిందని అర్థం. దిగకపోతేనే బూస్టర్ మీద అనుమానపడండి.

మంచిర్యాల తమ్ముడొకరు ముందు చక్రాలు పూర్తయ్యాక అదే ఊపులో వెనక డిస్కుల మీదా సీ-క్లాంపు ఎక్కించాడు. పిస్టన్ కదలకపోతే ఇంకా బిగించాడు. వెనక క్యాలిపర్‌కే (పిస్టన్, ప్యాడ్లు ఉండే భాగం) హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తగిలించి ఉండే కార్లలో ఆ పిస్టన్ ఊరికే నొక్కితే పోదు, తిప్పుతూ నొక్కాలి. దానికి వేరే పనిముట్టు ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ బటన్‌తో పనిచేసే కారయితే స్కానర్ (కారు కంప్యూటర్‌తో మాట్లాడే పరికరం) పెట్టి సర్వీస్ మోడ్‌లోకి తెచ్చేదాకా వెనక బ్రేకు మీద చేయి వేయొద్దు. నాది పోలో జీటీ టీఎస్ఐ, వెనక డ్రమ్ములే. నేను చెప్పేవన్నీ ఆ కారును కళ్ళ ముందు పెట్టుకుని చెప్పేవే. మీ కారు వేరైతే మాన్యువల్ పక్కన పెట్టుకుని చదవండి.

ఇక అసలు పంచాయితీ. పిస్టన్ నెడుతుంటే పైన డబ్బా పొంగింది, ఆయిల్ ఫెండర్ మీదికి కారింది, తెల్లారేసరికి అక్కడ రంగు పొక్కింది. ఈ మాట ఒకరిద్దరు కాదు, చాలామంది రాశారు. అందరినీ నేను అడిగింది ఒకటే: ఈమధ్య ఎవరైనా ఆ డబ్బాలో ఆయిల్ పోశారా? పోశారు. కొందరు స్వయంగా పోసుకున్నారు, కొందరికి సర్వీస్ బిల్లులో "టాపప్" అని ఒక లైను ఉంది. బిల్లు తీసి చూసుకోండి.

నాకు ఒళ్ళు మండేది ఈ టాపప్ దగ్గరే. డబ్బాలో మట్టం తగ్గితే ఆయిల్ ఎక్కడికో పోయిందనుకుంటారు. ఎక్కడికీ పోలేదు, క్యాలిపర్‌లో ఉంది. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ఆ మేరకు బయటికి జరుగుతుంది. దాని వెనక ఏర్పడిన ఖాళీలోకి డబ్బా నుంచి ఆయిల్ దిగుతుంది. అంతే.

ఎంత దిగుతుందో లెక్క వేద్దాం. పిస్టన్ వ్యాసం 54 మి.మీ. అనుకుందాం. దాని వైశాల్యం దాదాపు 23 చదరపు సెంటీమీటర్లు. అంటే పిస్టన్ ఒక్క మిల్లీమీటరు జరిగితే 2.3 మి.లీ. ఆయిల్ కావాలి. ఒక్కో ప్యాడ్ 8 మి.మీ. అరిగిందనుకోండి. ఇది ఒకవైపే పిస్టన్ ఉండే క్యాలిపర్, లోపలి ప్యాడ్ అరుగుదల, బయటి ప్యాడ్ అరుగుదల రెండూ ఆ ఒక్క పిస్టనే పూడ్చాలి. కాబట్టి జరిగేది 16 మి.మీ. 16 సార్లు 2.3 అంటే సుమారు 37 మి.లీ. రెండు ముందు చక్రాలకూ కలిపి 74. డిస్కు అరిగింది, వెనక సిలిండర్లు తీసుకున్నది ఇందులో కలపలేదు. ఇప్పుడు మధ్యలో ఎవరో డబ్బాను మ్యాక్స్ గీతదాకా నింపారు. కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్లను వెనక్కి నెట్టగానే ఆ 74 మి.లీ. పైకి వచ్చింది. డబ్బాలో చోటు లేదు. ఫెండర్ మీద ఉంది.

పొంగడమే కాదు, ఇంకో నష్టం ఉంది. మట్టం తగ్గడం ప్యాడ్లు అరిగాయని చెప్పే సూచన. మినిమమ్ గీత కిందికి వెళ్తే డ్యాష్‌బోర్డులో లైటు కూడా వెలుగుతుంది. పైనుంచి పోసి ఆ లైటు ఆర్పేస్తే ప్యాడ్ ఇనుప రేకుదాకా అరిగినా మీకు తెలియదు. అందుకని మట్టం తగ్గితే ముందు ప్యాడ్ మందం చూడండి. ప్యాడ్లు అరిగి ఉంటే మార్చండి, మట్టం దానంతటదే పైకొస్తుంది. ప్యాడ్లు బాగుండి మట్టం మాత్రం తగ్గుతూ ఉంటే అది లీకే. టైరు లోపలి వైపు, డ్రమ్ము కింది అంచు, పెడల్ వెనక కార్పెట్, ఈ మూడు చోట్లా తడి ఉందేమో వెతకండి. దొరికేదాకా కారు తీయొద్దు. ఈ రెండు సందర్భాల్లో దేనికీ మందు టాపప్ కాదు. కొత్త ప్యాడ్లున్న కారులో, లీకు బాగుచేసిన తర్వాత, మ్యాక్స్ గీతకు తెచ్చుకోవడం వేరే సంగతి.

రంగు మీద పడ్డ బ్రేక్ ఆయిల్‌ను గుడ్డతో తుడవకండి, ఇంకా పరుచుకుంటుంది. అది నీళ్ళలో కలిసిపోతుంది కాబట్టి బకెట్ల కొద్దీ నీళ్ళు కొట్టండి, వెంటనే.

సరే, పాఠంలోకి వద్దాం.

నీళ్ళలో కలిసిపోయే ఆ గుణమే బ్రేక్ ఆయిల్‌కు ఆయుష్షు తక్కువ చేస్తుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రబ్బరు హోసుల గుండా కూడా. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలిలో తేమకు కొదవ లేదు. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు కలిస్తే ఆ కనీస హద్దు 155కు పడిపోతుంది. ఊళ్ళో తిరిగితే ఈ తేడా మీకు ఎప్పటికీ తెలియదు. కెరమెరి ఘాట్‌లోనో, నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్‌లోనో దిగుతూ మలుపు మలుపుకూ గట్టిగా బ్రేకు వేస్తేనే తెలుస్తుంది. ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మీ కాలి బలం ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. పెడల్ గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగకపోతే అది ప్యాడ్లు వేడెక్కడం. ఈ రెండింటి తేడా కాలికి తెలియాలి. దేంట్లోనైనా ముందు చేయాల్సింది మాత్రం గేరు తగ్గించడం.

రీమ్యాప్ చేయించి (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్పించి) పవర్ పెంచుకుని, బ్రేక్ ఆయిల్ మాత్రం ఫ్యాక్టరీలో పోసిందే ఉంచుకున్నవాళ్ళు కొందరు ఈ పాఠాలు చదువుతున్నారని తెలుసు. వాళ్ళకు వేరే చెప్పేదేం లేదు, పాత ఆయిల్ తీసి కొత్తది ఎక్కించే ఈ పని ఈ వారమే చేయండి. మిగతావాళ్ళకు చాలా కార్లలో రెండేళ్ళకోసారి. రంగు చూసి నిర్ణయించకండి. నల్లబడితే పాతదని తెలుస్తుంది, తేటగా ఉన్నంత మాత్రాన నీరు లేదని కాదు.

దుకాణంలో డాట్ 4 అడగండి. ఈఎస్‌పీ (కారు అదుపు తప్పి జారకుండా చూసే ఏర్పాటు) ఉన్న ఫోక్స్‌వ్యాగన్ కార్లకు డబ్బా మీద వీడబ్ల్యూ 501 14 అని ఉన్నది దొరికితే మంచిది, పల్చగా ఉంటుంది. డాట్ 5.1 కూడా వేయొచ్చు. డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికాన్, వీటితో కలవదు. లీటరు సీసా ఒకటి కాకుండా అరలీటరువి రెండు కొంటాను నేను. రెండోది అవసరం పడకపోతే సీలుతో అలాగే ఉంటుంది. మూత తీసిన సీసాను అటకమీద దాచి వచ్చే ఏడాది వాడడమంటే తేమ కొనుక్కున్నట్టే.

జాకీ, స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే రాళ్ళ గురించి రెండో పాఠంలో రాశాను, మళ్ళీ రాయను. ఈ పనికి కొత్తగా కావలసినవి: నిప్పల్‌కు (ప్రతి చక్రం బ్రేకు మీద ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) సరిపోయే రింగు పానా, చేపల తొట్టికి వాడే పారదర్శకమైన సన్న పైపు, ఖాళీ సీసా, పెద్ద సిరంజి. ఫిక్స్ పానాతో నిప్పల్ ముట్టుకోవద్దు, అంచులు గుండ్రమైపోతాయి. ముందురోజు రాత్రే నాలుగు నిప్పళ్ళ మొదట్లో డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయండి.

మొదట సిరంజితో డబ్బాలోని పాత ఆయిల్ లాగేసి, అడుగున కొంచెం ఉండగానే కొత్తది నింపండి. ఇది నా అడ్డదారి. దీనివల్ల నల్లటి ఆయిల్ అంతా పైపుల్లోంచి ప్రయాణం చేసి రావాల్సిన పని తప్పుతుంది. తర్వాత మాస్టర్ సిలిండర్‌కు (డబ్బా కింద ఉండి, పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మనవి కుడి చేతి స్టీరింగ్ కార్లు కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మీ మాన్యువల్ వేరే వరస చెబితే దాని మాటే వినండి.

రింగు పానా ముందు ఎక్కించి, ఆ తర్వాత పైపు తొడగండి. పైపు నిప్పల్ నుంచి కాస్త పైకి లేచి, వంపు తిరిగి సీసాలోకి దిగాలి. బుడగ పైకి పోతుంది, వెనక్కి రాదు. సీసా అడుగున ఒక వేలు మందం కొత్త ఆయిల్ పోసి పైపు చివర అందులో ముంచండి. ఇంజిన్ ఆపే ఉండాలి.

ఇప్పుడు సీట్లో ఒకరు కావాలి. బామ్మర్ది అయితే మేలు, ఎంతసేపు కూర్చోబెట్టినా విసుక్కోడు. మీరు "తొక్కు" అంటారు. అతను తొక్కి పట్టి "తొక్కిన" అంటాడు. మీరు పానా పావు తిప్పు వదులు చేస్తారు, ఆయిల్ పైపులోకి వస్తుంది, పెడల్ దిగిపోతుంది. అతను కాలు తీయడు. మీరు బిగించి "ఎత్తు" అంటారు. అప్పుడే కాలు ఎత్తుతాడు. నిప్పల్ తెరిచి ఉండగా కాలు ఎత్తితే బయటి గాలి లోపలికి పోతుంది, అప్పటిదాకా చేసిందంతా దండగ. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్‌లో రోజూ వాడని అడుగు భాగం గరుకుగా ఉంటుంది, పెడల్ అక్కడిదాకా పోతే సీళ్ళు చిరుగుతాయి.

చేతి వాక్యూమ్ పంపు కొన్నవాళ్ళు అడుగుతున్నారు. దానికి నేను వ్యతిరేకం. నిప్పల్ థ్రెడ్ల పక్కనుంచి గాలి లాగి పైపునిండా బుడగలు చూపిస్తుంది. లోపల గాలి ఉందో లేదో తెలియక తల పట్టుకుంటారు.

పైపులో కొత్త రంగు వచ్చి బుడగలు ఆగేదాకా ఒక్కో చక్రం దగ్గర చేయండి. మధ్యమధ్యలో డబ్బా చూస్తూ నింపుతూ ఉండాలి. డబ్బా ఖాళీ అయిందా, గాలి ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) యూనిట్‌లోకి పోతుంది. దాన్ని తీయడానికి స్కానర్‌తో పంపు తిప్పించాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు. క్లచ్ పెడల్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ కార్లలో క్లచ్‌కు కూడా ఇదే డబ్బా, అడుగంటితే క్లచ్ కూడా చతికిలపడుతుంది.

నిప్పల్ లోపల బోలుగా ఉంటుంది. బిగించేటప్పుడు చేతిబలం చూపించొద్దు, సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. విరిగితే క్యాలిపరే మార్చాల్సి రావచ్చు. రబ్బరు టోపీలు మళ్ళీ పెట్టండి. ఆ తర్వాత పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచండి. మెల్లగా దిగుతూ ఉంటే కారు బయటికి తీయకూడదు, ఎక్కడో లీకు ఉంది.

పాత ఆయిల్ నీళ్ళ సీసాలో ఉంటుంది, విషం. సీసా మీద మార్కర్‌తో పెద్దగా రాసి పిల్లలకు అందని చోట పెట్టండి. మోరీలో పోయొద్దు. ఇంజిన్ ఆయిల్‌లో కలపకుండా గ్యారేజీలో ఇవ్వండి.

అభ్యాసం: నిప్పల్ అస్సలు విప్పకుండా, పానా చేతిలో పట్టుకుని, మీరూ మీ సహాయకుడూ "తొక్కు, తొక్కిన, ఎత్తు" ఇరవైసార్లు చేయండి. ఒక్కసారి తప్పినా మొదటి నుంచి. ఇది అయ్యాకే పైపు తొడగండి. అలాగే నాలుగు ముందు ప్యాడ్ల మందం స్కేలుతో కొలిచి, డబ్బాలో మట్టం ఉన్నచోట టేపు అంటించి, రెండూ తేదీ వేసి రాసుకోండి. నెలకోసారి చొప్పున ఆరు నెలలు కొలవాలి. మట్టం దిగడం పైన వేసిన లెక్కతో సరిపోతోందా లేదా మీరే తేల్చి నాకు రాయండి. పిస్టన్ వ్యాసం మీ కారుదే వేసుకోండి.

వచ్చే పాఠం డ్రమ్ములు. బ్రేక్ క్లీనర్ రెండు డబ్బాలు, ముక్కుకు మంచి మాస్కు తెచ్చిపెట్టుకోండి. డ్రమ్ములోని దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదేవాళ్ళు ఈలోపు ఆ అలవాటు మానుకోవాలి. స్ప్రింగులు విప్పకముందే ఫోన్‌లో ఫొటో తీయడం కూడా ఇప్పుడే చెబుతున్నాను, ఒక చక్రం పూర్తయ్యేదాకా రెండోది విప్పొద్దు.