డార్క్‌రూమ్‌లో మొదటి బ్లాక్ అండ్ వైట్ ప్రింట్

ముందు గది చీకటిగా ఉందో లేదో చూసుకోండి. కిటికీలు, తలుపు సందులు మూసి లైట్ ఆపి ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటే, కళ్లు అలవాటుపడ్డాక వెలుతురు ఎక్కడినుంచి వస్తోందో కనబడుతుంది. ఎన్‌లార్జర్ (నెగటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి పేపర్ మీద వేసే యంత్రం), ఎర్ర సేఫ్‌లైట్ (పేపర్‌ను పాడుచేయని మసక దీపం), రసాయనాలకు మూడు ట్రేలు ఉంటే మొదలుపెట్టొచ్చు. పేపర్ మాత్రం ఆర్‌సీ మల్టీగ్రేడ్ (ప్లాస్టిక్ పూత ఉండి, ఫిల్టర్లతో కాంట్రాస్ట్ మార్చుకోగలిగే రకం) కొనండి. ఆ పూత లేని ఫైబర్ పేపర్ అందమే గానీ చాలాసేపు కడగాలి, ఆరేటప్పుడు వంకర్లు పోతుంది, మొదట్లోనే ఆ టెన్షన్ ఎందుకు?

ఎన్‌లార్జర్‌లో నెగటివ్ మెరుపు లేని వైపు కిందికి పెట్టి, లెన్స్ పూర్తిగా తెరిచి ఫోకస్ చేశాక లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8కి తగ్గించండి.

ఇక టెస్ట్ స్ట్రిప్, అంటే పేపర్ మీద ఎంతసేపు వెలుగు పడాలో తేల్చే పరీక్ష ముక్క. దీన్ని మాత్రం ఎగ్గొట్టొద్దు. పేపర్‌లోంచి ఒక ముక్క కత్తిరించి, దాని మీద అట్టముక్కను ఐదేసి సెకన్లకోసారి కొంచెం కొంచెం జరుపుతూ వెలుగు పడనిస్తే 5, 10, 15, 20 సెకన్ల పట్టీలు వస్తాయి. 20 డిగ్రీల డెవలపర్‌లో (బొమ్మను బయటికి తెచ్చే రసాయనం) నిమిషం పాటు ట్రేని మెల్లగా ఊపుతూ ఉంచాలి. నల్లబడిపోతోందని కంగారుపడి మధ్యలో తీస్తే బురదరంగు ప్రింటే మిగులుతుంది. తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్, బొమ్మను నిలిపే ఫిక్సర్, అప్పుడే లైట్ వేయాలి.

తెల్లటి భాగాల్లో వివరం ఏ పట్టీలో బాగుందో అదే మీ టైమ్. నలుపు చాలకపోతే టైమ్ పెంచకండి, ఎన్‌లార్జర్‌లో పెట్టే ఫిల్టర్ గ్రేడ్ (కాంట్రాస్ట్ నంబర్) పెంచండి.