పెద్దాసుపత్రికి కారెందుకు?

మా ఊరోళ్లు ఎవరు కర్నూలు పెద్దాసుపత్రికి బయల్దేరినా ముందు నాకే ఫోన్ చేస్తారు. "కారు మాట్లాడుకున్నాం" అనగానే ఆపుతాను. కొత్త బ్లాకులు లేచేకొద్దీ జనం పెరుగుతారు గానీ, బండి పెట్టే జాగా పెరగదు కదా!

ముందు అసలు రావాలా అని చూసుకోండి. బీపీ, షుగర్ మందుల సంగతైతే ఊళ్లోని విలేజ్ క్లినిక్‌లోనే ఈ-సంజీవనిలో, అంటే సర్కారు వీడియో కాల్ సేవలో, డాక్టరుతో మాట్లాడొచ్చు.

రాక తప్పదంటే, పనులన్నీ ఒక్కరోజుకే కుదుర్చుకోండి. షుగర్ పరీక్షకు పరగడుపునే తొలి బస్సెక్కండి. డబ్బాలో ఉగ్గాని పెట్టుకోండి, బజ్జీలు మాత్రం వద్దు. మొదటిసారి రక్తం ఇచ్చాక తిని టైం రాసుకోండి. సరిగ్గా రెండు గంటలకు రెండోసారి ఇవ్వాలి. ఈ మధ్యలో ఓపీ చీటీ తీసుకుని కంటి డాక్టరు దగ్గర లైన్లో కూర్చోవచ్చు. పాత రిపోర్టులు మరిచారో, ఇంకో రోజు తిరగాల్సిందే.

ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బుల్లేవు, ఆధార్ చూపిస్తే చాలు. బస్టాండు నుంచి షేర్ ఆటో ఎక్కండి.

పరామర్శకు బండి నిండా చుట్టాలు రావద్దు. వీడియో కాల్ చేయండి. అదీ ఒకసారి చాలు, పేషెంటు నిద్రపోవాలి.

ప్రాణం మీదికొస్తే ఇవేవీ చూడకుండా 108కి కొట్టండి. నడవలేని ముసలోళ్లను కారులోనే తీసుకురండి. దింపాక బండిని మాత్రం పంపేయండి.